2023లో చీఫ్స్ రిసీవర్లను బాగుచేసింది ఎవరు? ఎవరూ కాదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 2023 సీజన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కాన్సస్ సిటీ చీఫ్స్ రిసీవర్లు (విసిరిన బంతిని పట్టేవాళ్ళు) వారం వారం బంతులు జారవిడుస్తుంటే హెడ్ కోచ్ ఆండీ రీడ్ వాళ్ళనే ఎందుకు ఆడించాడు? తప్పు ఆటగాళ్ళదా, కోచ్‌లదా, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌దా? అంత అధ్వాన్నంగా ఆడినవాళ్ళు చివరికి లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ ఎలా గెలిచారు, ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ ఆటలు) ముందు వాళ్ళను ఎవరు దారిలో పెట్టారు? ఆ సీజన్ ఆటలన్నీ ఇప్పుడు వరసపెట్టి చూస్తున్నామనీ, ఆఫీసులో లంచ్ టైమంతా ఇదే గొడవనీ రాశారు. కాన్సస్ సిటీ పక్కనున్న ఓవర్‌ల్యాండ్ పార్క్, ఒలేథాల్లో మనవాళ్ళు నలుగురు కూడినచోటల్లా ఇదే గొడవ లెండి. ఈ జట్టును చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. శనివారాలు చిన్నపిల్లల ఫ్లాగ్ ఫుట్‌బాల్ జట్టుకు కోచింగ్ ఇస్తుంటాను, కాబట్టి బంతి జారిపోవడం ఎలా ఉంటుందో దగ్గరనుంచి తెలుసు.

ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు. ఆ రిసీవర్లను ఎవరూ బాగుచేయలేదు. వాళ్ళు జనవరిలోనూ నవంబర్‌లో ఉన్నట్టే ఉన్నారు. రీడ్ చేసిందల్లా వాళ్ళ మీద ఆధారపడటం తగ్గించడం. ఆ పని సెప్టెంబర్‌లోనే ఎందుకు మొదలుపెట్టలేదు అన్నదే ఆయన్ని నిలదీయాల్సిన ప్రశ్న. మిగతా తిట్లలో సగం ఆయనకు చెందవు.

నమ్మకం కుదరకపోతే రెండు ఆటలు పక్కపక్కన పెట్టి చూడండి. 2023 నవంబర్ 20, చీఫ్స్ సొంత మైదానం ఆరోహెడ్‌లో వాన, ఎదురుగా ఈగిల్స్ జట్టు. సగం ఆట అయ్యేసరికి చీఫ్స్ 17-7 ముందున్నారు. రెండో సగంలో ఒక్క పాయింటూ రాలేదు. ఆఖరి రెండు నిమిషాల్లో మహోమ్స్ వేసిన పొడవాటి బంతి మార్కెజ్ వాల్డెస్-స్కాంట్లింగ్ (ఎంవీఎస్) రెండు చేతులకూ తగిలి కింద పడింది. పట్టుంటే టచ్‌డౌన్ (బంతితో గోల్ లైన్ దాటితే వచ్చే ఆరు పాయింట్లు). 21-17తో ఓడారు. ఇక 2024 జనవరి 28, బాల్టిమోర్, ఏఎఫ్‌సీ ఫైనల్, అంటే సూపర్ బౌల్‌కి ముందు ఆట. సగం ఆటకు మళ్ళీ 17-7. రెండో సగంలో మళ్ళీ సున్నా. ఆట చివర్లో మళ్ళీ అదే మనిషికి అలాంటిదే పొడవాటి బంతి. ఈసారి పట్టుకున్నాడు, 32 యార్డులు, ఆట ముగిసింది. 17-10తో గెలిచి సూపర్ బౌల్‌కి వెళ్ళారు.

మొదటి ఆట తర్వాత ఊరంతా ఎంవీఎస్‌ని తిట్టింది, రెండో ఆట తర్వాత నెత్తిన పెట్టుకుంది. రెండుసార్లూ చీఫ్స్ అఫెన్స్ (బంతి చేతిలో ఉన్న దళం) రెండో సగంలో చేసిన పాయింట్లు మాత్రం సున్నాయే. తేడా డిఫెన్స్ (ఎదుటివాళ్ళను ఆపే దళం) దగ్గరుంది. బాల్టిమోర్‌లో వాళ్ళ రిసీవర్ జే ఫ్లవర్స్ గోల్ లైన్ దాటబోతుంటే మన లజేరియస్ స్నీడ్ చేత్తో కొట్టి బంతి రాల్చేశాడు. తర్వాత వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ లామార్ జాక్సన్ గోల్ లైన్ వెనకున్న ఎండ్ జోన్‌లోకి వేసిన బంతిని డియాన్ బుష్ లాక్కున్నాడు. ఆ రెండింట్లో ఏది జరక్కపోయినా ఎంవీఎస్ పట్టిన బంతి ఎవరికీ గుర్తుండేది కాదేమో.

ఇప్పుడు బంతులు జారడం సంగతి. డ్రాప్ అన్నది లీగ్ అధికారికంగా లెక్కపెట్టే అంకె కాదు. వేర్వేరు కంపెనీలు వీడియో చూసి తమ తమ కొలమానంతో లెక్కేస్తాయి. అందుకే మీ ఆఫీసులో ఒకాయన ఒక సంఖ్య చెప్తే ఇంకొకాయన మరో సంఖ్య చెప్తాడు, ఇద్దరూ నిజమే చెప్తుంటారు. ఆ ఏడు ఎవరి లెక్క చూసినా చీఫ్స్ పైవరసలోనే ఉన్నారు, దాని మీద వాదన అనవసరం. కానీ డ్రాప్‌లన్నీ ఒకటి కావు. ఎంవీఎస్‌ది పూర్తి వేగంతో పరిగెత్తుతూ, తడిసిన బంతి భుజం మీదుగా వస్తుంటే చేతులు చాచి అందుకోవాల్సింది. అలాంటి బంతికి చిటికెనవేళ్ళు రెండూ దగ్గరకు చేర్చి, అరచేతులు ఆకాశం వైపు పెట్టాలి. ఒక్క అడుగు ముందో వెనకో ఉంటే వేళ్ళకు తగిలి పోతుంది. పట్టాల్సిందే, కాదనను. కానీ కష్టమైనదే.

ఇంకో రిసీవర్ కడేరియస్ టోనీది ఆ రకం కాదు. 2023 సెప్టెంబర్ 7, సీజన్ మొదటి ఆట, లయన్స్ మీద. బంతి ఎదురుగా వస్తోంది. ఎదురుగా వచ్చే బంతికి బొటనవేళ్ళు, చూపుడువేళ్ళు కలిపి ముందు పెట్టి, బంతి అందులో ఆగేదాకా కళ్ళు తిప్పకూడదు. మా పిల్లలకు మొదటిరోజు నేర్పేది ఇదే, ఆఖరిరోజు దాకా అరిచేదీ ఇదే. బంతి ఇంకా చేతికి చిక్కకముందే తల తిరిగిందంటే మనసు అప్పటికే పరుగు మీద ఉన్నట్టు. టోనీ చేతుల్లోంచి జారి ఎగిరిన బంతిని బ్రయన్ బ్రాంచ్ అనే కొత్త కుర్రాడు అందుకుని 50 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. చీఫ్స్ ఓడింది ఒకే ఒక్క పాయింట్‌తో, 21-20. టోనీ ఆ రోజు పట్టినది ఒకే బంతి, వచ్చింది ఒకే యార్డు.

ఇక్కడ కోచ్‌ల తప్పు ఉంది, నేను దాటవేయను. టోనీకి జులైలో ట్రైనింగ్ క్యాంప్ మొదట్లోనే మోకాలి మెనిస్కస్ దెబ్బతిని సర్జరీ అయింది. ప్రీసీజన్ మొత్తం బయటే. ఆటకు రెండు రోజుల ముందు ప్రాక్టీస్‌లో టైట్ ఎండ్ (బంతి పట్టడం, ఎదుటివాళ్ళను అడ్డుకోవడం రెండూ చేసేవాడు) ట్రావిస్ కెల్సీ మోకాలికి దెబ్బ తగిలింది. అంటే ఏ ప్లే విరిగిపోయినా మహోమ్స్ చూసే మొదటి మనిషి లేడు. అలాంటి రాత్రి, నెలన్నరగా సరిగ్గా ప్రాక్టీసే లేని వాడికి పదేపదే బంతి వేయించారు. చేతులది వాడి తప్పే. వాణ్ణి ఆ స్థితిలో అక్కడ నిలబెట్టింది మాత్రం వాడు కాదు.

అసలు టోనీని ఎందుకంత నమ్మారు అని మీరు అడిగారు. 2022 అక్టోబర్‌లో జెయింట్స్ దగ్గర్నుంచి తెచ్చుకున్నారు. 2023 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో ఈగిల్స్ మీద 65 యార్డుల పంట్ రిటర్న్ (అవతలివాళ్ళు తన్నిన బంతిని పట్టుకుని వాళ్ళ వైపు పరిగెత్తడం) చేశాడు, సూపర్ బౌల్ చరిత్రలో అదే పొడవైనది. అదే ఆటలో 5 యార్డుల టచ్‌డౌన్ కూడా పట్టాడు. కానీ ఆ టచ్‌డౌన్ ఒకసారి జాగ్రత్తగా చూడండి. రిసీవర్ అడ్డంగా పరిగెత్తుతున్నట్టు మోషన్ మొదలుపెట్టి, చటుక్కున ఆగి వెనక్కి తిరుగుతాడు. కాపలా ఉండాల్సినవాడు అవతలికి వెళ్ళిపోయాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. కాసేపటికి అదే ఎత్తుగడను అవతలివైపు తిప్పి స్కై మూర్‌కి ఇంకో టచ్‌డౌన్ ఇప్పించారు. రెండూ రీడ్ బోర్డు మీద గీసిన టచ్‌డౌన్లు, రిసీవర్ ఎవరినీ ఓడించనక్కర్లేదు. నా అభిప్రాయంలో జట్టు అక్కడే మోసపోయింది. గీతతో దొరికిన ఖాళీని ఆటగాడి సత్తా కింద జమకట్టి, ఆ మార్చిలో జుజు స్మిత్-షుస్టర్‌ని పేట్రియట్స్‌కి, మెకోల్ హార్డ్‌మన్‌ని జెట్స్‌కి వెళ్ళనిచ్చారు. జుజు అంతకుముందు ఏడాది 78 బంతులు పట్టి 933 యార్డులు తెచ్చినవాడు.

జుజు లేని లోటు యార్డుల్లో కనపడదు, దానికి రూట్‌ల సంగతి తెలియాలి. రూట్ అంటే రిసీవర్ పరిగెత్తే దారి. రీడ్ అఫెన్స్‌లో చాలా రూట్‌లకు ముందే రాసిపెట్టిన ముగింపు ఉండదు. స్నాప్ అయ్యాక, అంటే బంతి వెనక్కి అందించి ఆట మొదలయ్యాక, రిసీవర్ ఎదుటి డిఫెన్స్‌ని చదవాలి. మనిషికి మనిషి కాపలా అయితే ఆగకుండా పరిగెత్తాలి, జోన్ (ఒక్కొక్కరూ ఒక్కో చోటును కాచే పద్ధతి) అయితే ఇద్దరి మధ్య ఖాళీలో ఆగి క్వార్టర్‌బ్యాక్ వైపు తిరగాలి. అదే క్షణంలో మహోమ్స్ కూడా అదే చదివి, రిసీవర్ తిరగకముందే బంతి వదలాలి. క్రికెట్‌లో పరుగు తీసేటప్పుడు ఇద్దరు బ్యాటర్లూ ఒకేసారి ‘యెస్’ అనుకోవాలి కదా, ఒకడు వచ్చేసి ఇంకొకడు ఆగిపోతే రనౌట్ ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పలేం. ఇదీ అంతే. రిసీవర్ ఆగాల్సినచోట పరిగెత్తితే టీవీలో మహోమ్స్ ఖాళీ గడ్డి మీదకి బంతి విసిరినట్టు కనిపిస్తుంది. ఆ సీజన్‌లో ఆయన 14 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్ళ చేతికి చిక్కిన పాస్‌లు) వేశాడు, అప్పటికి ఆయన కెరీర్‌లో అవే ఎక్కువ. అన్నీ ఆయన తప్పు కాదు, అన్నీ రిసీవర్ల తప్పూ కాదు. ఎవరికీ నమ్మకం లేని చోట ఆయన కూడా ఒక క్షణం ఆలస్యంగా వదలడం, తనవాళ్ళు చుట్టూ కాపాడే చోటు (పాకెట్) వదిలి తొందరపడి పరిగెత్తడం మొదలుపెట్టాడు. దీన్ని రిసీవర్ల ఖాతాలో వేసి ఆయన్ని వదిలేసేవాళ్ళతో నేను ఏకీభవించను.

కెల్సీ గొప్పతనం ఈ చదవడంలోనే ఉంది. 34 ఏళ్ళ వయసులో వేగంతో ఎవరినీ దాటలేడు, కానీ ఎక్కడ ఆగాలో మహోమ్స్‌తో సమానంగా తెలుసు. ఆ ఏడు 984 యార్డులు చేశాడు. ఇంకో 16 చేస్తే వరసగా ఎనిమిదో ఏడు వెయ్యి దాటేవాడు. ఆఖరి వారం ఆడకుండా విశ్రాంతి తీసుకున్నాడు, ఆ రికార్డును వదిలేశాడు.

ఈ చదువు ప్రాక్టీస్‌లో కలిసి ఆడితేనే వస్తుంది. రీడ్ చేసిన రెండో తప్పు ఇదే అంటాను. టోనీ, మూర్, ఎంవీఎస్, జస్టిన్ వాట్సన్, రషీ రైస్, రిచీ జేమ్స్, జస్టిన్ రాస్, ఇంతమందిని మార్చి మార్చి తిప్పాడు. అందరికీ కాస్త కాస్త, ఎవరికీ సరిపడా లేదు. అందులో రైస్ ఒక్కడే వాళ్ళందరికంటే మెరుగని అక్టోబర్‌కే కనిపిస్తోంది. డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ళ ఎంపిక) రెండో రౌండ్‌లో తీసుకున్న కొత్త కుర్రాడు, కొత్తవాళ్ళను మెల్లగా దించడం రీడ్ పద్ధతి, అర్థం చేసుకోగలను. కానీ పోటీకి ఉన్నవాళ్ళ స్థాయి చూశాక ఆ పద్ధతిని పట్టుకుని కూర్చోవడం మొండితనమే. నవంబర్ 26న లాస్ వేగస్‌లో రైడర్స్ మీద రైస్ 8 బంతులు పట్టి 107 యార్డులు చేశాకగానీ వాడికి పూర్తి స్థానం దక్కలేదు. సీజన్ మొత్తానికి 79 క్యాచ్‌లు, 938 యార్డులు, 7 టచ్‌డౌన్లు.

బిల్స్ ఆటలో ఆఫ్‌సైడ్ గురించి ఒక మాట, ఎందుకంటే దీని మీద మీ దగ్గర కొట్లాటే జరిగిందన్నారు. డిసెంబర్ 10, ఆఖరి నిమిషాలు. కెల్సీ బంతి పట్టి పరిగెత్తుతూ అడ్డంగా టోనీకి విసిరాడు, టోనీ టచ్‌డౌన్ చేశాడు. అంత అద్భుతమైన ప్లే, టోనీ స్నాప్‌కి ముందు గీత దాటి నిలబడ్డాడని రద్దయింది. 20-17తో ఓటమి. అంపైర్లు ముందే హెచ్చరిస్తారు కదా అని రీడ్ గొడవపెట్టాడు, మహోమ్స్ సైడ్‌లైన్‌లో ఊగిపోయాడు. రీప్లేలో టోనీ పాదం ఎక్కడుందో ఎవరైనా చూడొచ్చు, అది ఆఫ్‌సైడే. లీగ్‌లో ఏ రిసీవర్నైనా గమనించండి, లైన్ మీద నిలబడగానే పక్కనున్న అంపైర్ వైపు చెయ్యి చూపి ‘సరిగ్గా ఉన్నానా?’ అని అడుగుతాడు, ఆయన సైగ చేస్తాడు. టోనీ అటు చూడలేదు. ఇందులో ప్లే గీసినవాడిదీ తప్పు లేదు, జెండా విసిరినవాడిదీ లేదు. మరుసటి వారం పేట్రియట్స్ మీద టోనీ చేతుల్లోంచి ఎగిరిన ఇంకో బంతి ఇంటర్‌సెప్షన్ అయింది. ఆ ఆట గెలిచారు, కానీ ఆ తర్వాత వాణ్ణి సీజన్ ముగిసేదాకా మళ్ళీ దించలేదు. నన్నడిగితే మొత్తం సీజన్‌లో రీడ్ తీసుకున్న మంచి నిర్ణయాల్లో అదొకటి, కాకపోతే ఆలస్యంగా.

స్టార్ రిసీవర్ టైరీక్ హిల్‌ని అమ్మడమే అన్నిటికీ మూలం అనే మీ స్నేహితుడితో నేను సగమే ఒప్పుకుంటాను. 2022 మార్చిలో మయామికి ఇచ్చి ఐదు డ్రాఫ్ట్ పిక్‌లు (ఎంపిక హక్కులు) తెచ్చుకున్నారు. మొదటి రౌండ్ పిక్‌ని కదిపి, రిసీవర్లను కాచే కార్నర్ ట్రెంట్ మెక్‌డఫీని తెచ్చారు. వాడు 2023లో ఫస్ట్ టీమ్ ఆల్-ప్రో, అంటే లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాళ్ళ జట్టులో ఒకడు. ఆ ఏడు జట్టును మోసిన డిఫెన్స్‌లో వాడొక స్తంభం. కాబట్టి హిల్‌ని అమ్మడంతో సీజన్ పోలేదు, సగం నిలబడింది దాంతోనే. తప్పు రెండో రౌండ్‌లో జరిగింది. మయామి ఇచ్చిన 50వ పిక్‌ని పేట్రియట్స్‌కి ఇచ్చి నాలుగు మెట్లు దిగి, 54లో స్కై మూర్‌ని తీసుకున్నారు. మధ్యలో 52లో స్టీలర్స్ జార్జ్ పికెన్స్‌ని ఎగరేసుకుపోయారు. ఆ 50లో పేట్రియట్స్ తీసుకున్న టైక్వాన్ థార్న్‌టన్ తర్వాత తిరిగి తిరిగి చీఫ్స్ దగ్గరికే వచ్చాడు, అది వేరే కామెడీ. ఈ లెక్క జనరల్ మేనేజర్ బ్రెట్ వీచ్‌ది. రీడ్‌ని తిట్టేటప్పుడు దీన్ని కలపకండి.

మ్యాట్ నేగీ మీద కోపం మీ అందరికీ ఉంది. ఎరిక్ బియెనిమీ వాషింగ్టన్ వెళ్ళిపోతే ఆ స్థానంలో అఫెన్సివ్ కోఆర్డినేటర్ అయ్యాడు, షికాగోలో హెడ్ కోచ్‌గా చేదు జ్ఞాపకాలు మిగిల్చి వచ్చినవాడు, కాబట్టి తిట్టడానికి తేలిక. కానీ ఇక్కడ ప్లేలు పిలిచేది రీడ్. ఆ మార్పుల్లో నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది రిసీవర్ల కోచ్ పదవి: అప్పటిదాకా ఆ పని చేసిన జో బ్లైమాయర్‌ని పాస్ గేమ్ కోఆర్డినేటర్‌గా పైకి పంపి, కానర్ ఎంబ్రీకి మొదటిసారి ఆ గది అప్పగించారు. పెద్ద దిక్కులేని గదికి కొత్త కోచ్.

ఇక క్రిస్మస్. సొంత మైదానంలో రైడర్స్ చేతిలో 20-14తో ఓడిన ఆట. రైడర్స్ క్వార్టర్‌బ్యాక్ ఎయిడన్ ఓకానెల్ మొదటి క్వార్టర్ తర్వాత ఒక్క పాస్ కూడా పూర్తి చేయలేదు. అయినా గెలిచాడు! ఎందుకంటే చీఫ్స్ ఏడు సెకన్ల తేడాలో రెండు టచ్‌డౌన్లు వాళ్ళ డిఫెన్స్‌కి ఇచ్చుకున్నారు. ఒకటి, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ పచెకోకి నేరుగా స్నాప్ ఇచ్చి చేసిన విన్యాసంలో బంతి జారిపోయి, ఇంకొకటి మహోమ్స్ ఇంటర్‌సెప్షన్. తెలివి ఎక్కువైతే ఏమవుతుందో ఆ ఏడు సెకన్లు చూపించాయి.

ఆ తర్వాత రీడ్ ఆటను కుదించాడు. బంతి ఎక్కువగా కెల్సీకి, రైస్‌కి, పచెకో పరుగుకి. రైస్‌కి లైన్ దగ్గరే చిన్న పాస్, తర్వాత వాడి కాళ్ళ మీద వదిలేయడం. మూడో రిసీవర్ స్థానంలో నోవా గ్రే లాంటి రెండో టైట్ ఎండ్. పొడవాటి బంతులు ఆటకు ఒకటి రెండు. ఫీల్డ్ గోల్ (బంతి తన్ని తెచ్చే మూడు పాయింట్లు) వస్తే సంతోషంగా తీసుకోవడం. డాల్ఫిన్స్‌తో ఎముకలు కొరికే చలిలో జరిగిన మొదటి ప్లేఆఫ్ ఆటలో 26-7 గెలుపు, అందులో కిక్కర్ బట్కర్ ఫీల్డ్ గోల్సే నాలుగు; రైస్ 8 క్యాచ్‌లు, 130 యార్డులు. అంతకుముందు ఏడాది రెగ్యులర్ సీజన్‌లో 496 పాయింట్లు చేసిన జట్టు ఈ ఏడు 371కి పడిపోయింది. అది చూసి సిగ్గుపడకుండా, కోచ్ స్టీవ్ స్పాగ్నువోలో నడిపే డిఫెన్స్ 294 పాయింట్లే ఇచ్చిందన్న సంగతి పట్టుకుని ఆడాడు. ఇరవై నాలుగు పాయింట్లు చేస్తే చాలు అన్న ఆట. 2013 నుంచి ఇక్కడున్న రీడ్‌కి ఇది సహజమైన ఆట కాదు, ఆయనకు గీయడం ఇష్టం. అందుకే ఆ మార్పు చిన్నది కాదంటాను.

రిసీవర్లు మారారా అంటే, బఫెలోలో హార్డ్‌మన్ సంగతి చూడండి. అక్టోబర్‌లో జెట్స్ నుంచి వెనక్కి తెచ్చుకున్న మనిషి, గోల్ లైన్ దగ్గర బంతి వదిలేశాడు, అది ఎండ్ జోన్ దాటిపోయి బంతి బిల్స్ వశమైంది. అక్కడ 27-24తో బయటపడటానికి బిల్స్ కిక్కర్ టైలర్ బాస్ ఫీల్డ్ గోల్ కుడివైపుకి పోవడం కూడా కలిసొచ్చింది. మళ్ళీ అదే హార్డ్‌మన్ లాస్ వేగస్‌లో, ఓవర్‌టైమ్‌లో, 49ers మీద గెలుపు టచ్‌డౌన్ పట్టాడు, 25-22. ఆ మూడు యార్డుల ప్లే స్నాప్‌కి ముందు దగ్గర ఆపి చూడండి: మోషన్‌లో బయల్దేరి వెనక్కి తిరగడం, ఏడాది క్రితం టోనీకి గీసిన దానికి తమ్ముడు. ఎంవీఎస్ ఆ ఆటలో పట్టిన టచ్‌డౌన్ కూడా బంతి 49ers ఆటగాడి పాదానికి తగిలి చీఫ్స్‌కి దొరికిన పంట్ తర్వాతి ప్లేలోనే వచ్చింది.

జట్టు యాజమాన్యం తీర్పు ఏంటో కూడా తెలుసు కదా. గెలిచిన నెలలోనే ఎంవీఎస్‌ని వదిలేశారు, ఆగస్టులో టోనీని. డ్రాఫ్ట్‌లో బిల్స్‌తో బేరమాడి నాలుగు మెట్లు పైకెక్కి, 40 యార్డులు 4.21 సెకన్లలో పరిగెత్తిన జేవియర్ వర్తీని తెచ్చుకున్నారు. బాగుపడిన రిసీవర్లను ఎవరైనా ఇలా మార్చుకుంటారా?

మీరు ఇకపై ఆటలు చూసేటప్పుడు ఒక పని చేయండి. ఎన్ఎఫ్ఎల్ ప్లస్ ప్రీమియంలో కోచ్‌లు చూసే ఆల్-22 వీడియో ఉంటుంది, మైదానంలోని ఇరవై ఇద్దరూ కనిపిస్తారు. ఈగిల్స్ ఆట రెండో సగం అందులో పెట్టి, బంతిని వదిలేసి రిసీవర్ల పాదాలు మాత్రమే చూడండి. ఎంవీఎస్ వదిలేసిన బంతి ఒక్కటే. దానికి ముందు ఎన్ని ప్లేలలో ఎవరూ ఖాళీగా లేరో లెక్కపెట్టుకోండి. ఎండ్ జోన్ దగ్గర కెల్సీ బంతి రాల్చిందీ, మహోమ్స్ ఇంటర్‌సెప్షన్ వేసిందీ ఆ ఆటలోనే, ఆ ఇద్దర్నీ మీ లంచ్ బల్ల దగ్గర ఎవరూ తిట్టి ఉండరు. మీలో నేగీని అందరికంటే ఎక్కువ తిట్టే ఆయనకి మాత్రం ముందు క్రిస్మస్ ఆట చూపించండి. ఆ ఏడు సెకన్లకు రిసీవర్ల కోచ్‌ని బాధ్యుణ్ణి చేసే దారి ఆయనకు దొరికితే నాకూ చెప్పండి.